డాక్టర్ సలహా: ఎస్సిటాలోప్రామ్ వాడుతూ ట్రమడాల్ వేసుకోవచ్చా?

ప్రశ్న: వయసు 41. యాంగ్జైటీకి మూడు నెలలుగా ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ వాడుతున్నా. నరాల కణాల మధ్య గ్యాప్‌లో పనిచేస్తుందంట, ఎలా? అలవాటైపోతుందా? పది రోజులుగా నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి ట్రమడాల్ వేసుకుంటున్నా. చేతులు వణుకు, చెమటలు. బీపీ ఏమో? - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరడిగింది గ్యాప్ గురించి, నాకు భయమేసింది ఆ ట్రమడాల్ చూసి. ముందు ట్రమడాల్ తర్వాతి డోసు ఆపేయండి.

కణానికీ కణానికీ మధ్య 20 నానోమీటర్ల సందు ఉంటుంది, ఆ కలిసే చోటే సినాప్స్. కరెంటు సిగ్నల్ చివరిదాకా వచ్చి సందు దాటలేదు కాబట్టి అక్కడ కాల్షియం లోపలికి దూరి, చిన్న చిన్న సంచుల్లోంచి సెరటోనిన్ అనే రసాయనం బయటపడి, అవతలి కణం రిసెప్టర్లకి తగిలితే కబురు అందినట్టు. మిగిలిందాన్ని పంపిన కణమే మళ్ళీ లోపలికి లాక్కుంటుంది, మీ ఎస్సిటాలోప్రామ్ ఆ లాక్కోవడాన్నే ఆపుతుంది. ట్రమడాల్ పేరుకి నొప్పి మాత్రే గానీ అదీ కొంత ఇదే పని చేస్తుంది. రెండూ కలిస్తే సెరటోనిన్ మరీ ఎక్కువై వణుకు, చెమటలు, విరేచనాలు, గుండె దడ రావచ్చు, ఫిట్స్ రిస్క్ కూడా పెరుగుతుంది. మీది అదేనని చూడకుండా చెప్పలేను, థైరాయిడ్ ఉన్నా షుగర్ పడిపోయినా వణుకు వస్తుంది. కానీ ఇవ్వాళే డాక్టర్‌కి చూపించుకోండి, రేపు చూద్దాంలే అనుకోవద్దు. జ్వరం, కాళ్ళు బిగుసుకుపోవడం, మాట తికమక ఉంటే మాత్రం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

షాపులో అడిగి అంటున్నారు, ట్రమడాల్ 2018 నుంచి నార్కోటిక్స్ చట్టం కిందికి వచ్చిన మందండీ, చీటీ లేకుండా అమ్మకూడదు, మీరూ అడగకూడదు. మీరు యాంగ్జైటీకి మందు వాడుతున్నారని ఆ కౌంటర్ అబ్బాయికేం తెలుసు? రేపు దగ్గొస్తే డెక్స్ట్రోమెథార్ఫాన్ సిరప్ ఇస్తాడు, అదీ ఇదే గొడవ.

ఎస్సిటాలోప్రామ్ అలవాటు సంగతంటారా, తాగుడులా ఇంకా ఇంకా కావాలనిపించదు, కానీ సడన్‌గా మానేస్తే కళ్ళు తిరగడం, తలలో షాక్ కొట్టినట్టు ఉండటం జరుగుతాయి. ఈ వణుకు తేలేదాకా ఎస్సిటాలోప్రామ్ వేసుకోవాలా వద్దా అన్నది రాసిన డాక్టర్నే ఇవ్వాళ ఫోన్లో అడగండి. వెళ్ళేటప్పుడు రెండు షీట్లూ జేబులో పెట్టుకెళ్ళండి, "చిన్న తెల్ల టాబ్లెట్ సార్" అంటే అలాంటివి మా దగ్గర వంద ఉంటాయి.