డాక్టర్ సలహా: అత్తయ్య ఆపరేషన్‌కి ఇచ్చిన నొప్పి మాత్రలు మిగిలాయి, దాచుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగాల వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. రెండు నెలల కిందట మా అత్తయ్యకు మోకీలు మార్పిడి ఆపరేషన్ జరిగింది. నొప్పికి రాసిన ట్రమడాల్ మాత్రలు పద్నాలుగు, ఛాతీ మీద అంటించే బుప్రెనార్ఫిన్ ప్యాచ్ ఒకటి మిగిలాయి. డబ్బు పోసి కొన్నవి, పారేయొద్దని అత్తయ్య వాటిని స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్ మీద పెట్టారు. మొన్న నడుం పట్టేస్తే మావారు ఒక మాత్ర వేసుకున్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప, పీయూసీ (ఇంటర్) చదివే అబ్బాయి ఉన్నారు. ఇవి దాచుకోవచ్చా? వద్దంటే ఎలా పారేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీవారు రెండో మాత్ర వేసుకోకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. దాచుకోవద్దు. ఎందుకో చెప్తాను, అత్తయ్యకు కూడా చదివి వినిపించండి.

ట్రమడాల్ మామూలు నొప్పి మాత్ర కాదు. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్ మెదడులో ఎక్కడ పనిచేస్తుందో ఇదీ అక్కడే పనిచేస్తుంది. అలవాటుగా మారే గుణం ఉంది కాబట్టే 2018 ఏప్రిల్‌లో కేంద్రం దీన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. అత్తయ్య వయసు, బరువు, కిడ్నీల పనితీరు, ఆమె వాడే మిగతా మందులు చూసి రాసిన డోసు అది. మీవారికి సరిపడుతుందని ఎవరూ చూడలేదు. డిప్రెషన్‌కి కొన్ని రకాల మందులు వాడేవారు ఇది వేసుకుంటే ఫిట్స్ రావచ్చు. నిద్రమాత్రతోనో మద్యంతోనో కలిస్తే శ్వాస మందగిస్తుంది. ఏమీ లేకపోయినా మగతగా ఉంటుంది. ఆ మగతలో రింగ్ రోడ్డు మీద బండి నడపడం ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కర్లేదు.

నాకు ఎక్కువ భయం పాప గురించే. పన్నెండేళ్లలోపు పిల్లలకు ట్రమడాల్ అసలు ఇవ్వకూడదు. ఎప్పుడైనా పాప మింగిందని అనుమానం వచ్చినా, లేపితే లేవనంత మగతగా ఉన్నా, ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, మాత్రల స్ట్రిప్ చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ప్యాచ్. ఇది చాలామందికి తెలియని సంగతి: ఏడు రోజులు అంటించి తీసేసిన ప్యాచ్‌లో కూడా మందు ఇంకా చాలా మిగిలే ఉంటుంది. పిల్లలకు అది స్టిక్కర్‌లా కనబడుతుంది, తీసి ఒంటికి అంటించుకుంటారు, నోట్లో పెట్టుకుంటారు. అందుకే తీసిన వెంటనే జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, రెండు అంచులూ అంటుకునేలా నొక్కాలి. మీ దగ్గరున్న కొత్తదానికీ అంతే, వెనక కాగితం ఒలిచి మడవండి.

పారేయడం గురించి. మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. చెత్తలో వేయకుండా టాయిలెట్‌లో ఫ్లష్ చేయాల్సిన పదిహేడు మందుల జాబితా అందులో ఉంది. ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్, ఫెంటనిల్, బుప్రెనార్ఫిన్ అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ముందు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఫార్మసీలో వెనక్కి తీసుకుంటారేమో అడగండి. లేదంటే మాత్రలు స్ట్రిప్‌లోంచి విప్పి, మడిచిన ప్యాచ్‌తో పాటు ఫ్లష్ చేసేయండి. ఖాళీ స్ట్రిప్ మాత్రం కమోడ్‌లో వేయకండి. నీళ్లు పాడవుతాయి కదా అని మీకు అనిపించవచ్చు, అది సరైన సందేహమే. కానీ ఒక్క మాత్రతో ప్రాణం మీదికి తెచ్చే మందు ఇంట్లో ఉండటం అంతకంటే పెద్ద ప్రమాదం కాబట్టి ఈ కొన్నింటికే ఆ మినహాయింపు. మన బెంగళూరులో తడి చెత్త, పొడి చెత్త చేతులతో ఏరేది పౌరకార్మికులు. వాళ్ల చేతికో వీధి కుక్కల నోటికో ఇవి చేరకూడదు.

బీపీ, గ్యాస్, యాంటీబయాటిక్ లాంటి మిగతా మందులను మాత్రం ఫ్లష్ చేయకండి. వెనక్కి తీసుకునేవారు దొరక్కపోతే, పొద్దున మిగిలిన ఫిల్టర్ కాఫీ పిప్పిలో కలిపి, కవర్‌లో గట్టిగా మూటకట్టి, మిగతా చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వండి. పేరున్న లేబుల్ ఉంటే చింపేయండి.

ఇంతకీ ఈ తప్పు అత్తయ్యది కాదు. డిశ్చార్జి రోజు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్తాం, మిగిలితే ఏం చేయాలో చెప్పం. అమెరికాలో 2017లో వచ్చిన ఒక సమీక్షలో, ఆపరేషన్ అయినవారిలో నూటికి 67 నుంచి 92 మంది దగ్గర ఇలాంటి మాత్రలు మిగిలిపోయినట్టు తేలింది. తాళం వేసి దాచుకున్నవాళ్లు తక్కువే. ఒక చిన్న కరపత్రం చేతిలో పెట్టి చెప్తే సరిగ్గా పారేసేవారి సంఖ్య రెట్టింపైందని మరో అధ్యయనం చూపింది. అది తెలిశాక నేను నా పేషెంట్లకు డిశ్చార్జి ఫైల్ ఇచ్చే ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాను. స్ట్రిప్ చూపించి, 'అమ్మా, ఇవి మిగిలితే ఏం చేస్తారు?' అని అడిగి, వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాను. మొన్న కడప నుంచి వచ్చిన ఒక పెద్దావిడ 'మా తోటికోడలికి ఇస్తా, దానికీ మోకాళ్లే' అన్నారు. అడగకపోతే ఆ సంగతి నాకు తెలిసేదే కాదు.

అత్తయ్యకు ఇప్పటికీ నొప్పి ఉంటే సర్జన్‌ని అడగకుండా ఏదీ కొనసాగించవద్దు. ఆమె రోజూ ట్రమడాల్ వేసుకుంటూ ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపేయకండి, చెమటలు, వణుకు, నిద్రలేమి వస్తాయి. అలాంటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి, ఆ కొద్ది రోజులూ మాత్రలు ఆమె బంగారం పెట్టుకునే బీరువా లాకర్‌లో ఉంచి, ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. ఆమె ఆపేసి ఉంటే ఈ రాత్రే ఆ డబ్బా కిందికి దించండి. మీవారు వేసుకున్నది పోను పదమూడూ ఉన్నాయో లేదో ముందు లెక్కపెట్టండి. తగ్గితే అబ్బాయిని కోప్పడకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. అవసరమైతే మన బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక వైద్య ఆసుపత్రిలో వ్యసన చికిత్స విభాగం ఉంది.