షాపుకి దొంగల భయం ఎంతుందో ఎలా అంచనా వేయాలి?

కొత్తగా బట్టల షాపు పెట్టాం, భద్రత ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. రాత్రి షట్టర్ దించాక ఒకసారి షాపు చుట్టూ తిరిగి రండి. అందరూ ముందు తాళమే చూస్తారు, నేనైతే వెనక సందు చూడమంటాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం, పక్క మేడ మీంచి దిగగలిగే రేకుల కప్పు, గ్రిల్ లేని బాత్రూమ్ కిటికీ. ఒక్కో దారికీ రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎంత తేలిగ్గా రావచ్చు, వస్తే ఎంత పోతుంది? రెండూ ఎక్కువున్న చోటే ముందు డబ్బు పెట్టండి.

సీసీ కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టెని, అంటే డీవీఆర్‌ని చాలామంది గల్లాపెట్టె పక్కనే పెడతారు. దొంగ దాన్నీ పట్టుకుపోతే రికార్డింగ్ మొత్తం పోయినట్టే, కాబట్టి కంటికి కనపడని చోట బిగించండి. తాళంచెవులు చూసుకునే మనిషి పని మానేస్తే తాళాలు మార్చేయండి.

బర్గ్లరీ పాలసీ, అంటే షాపులో చొరబడి చేసే దొంగతనాలకి తీసుకునే బీమా, మామూలుగా తాళమో తలుపో పగలగొట్టిన గుర్తులుంటేనే వర్తిస్తుంది. పగటిపూట కౌంటర్ మీంచి మాయమయ్యే చీరలకి అది పనికిరాదు.