బోర్డు మీద స్నూకర్, లోపల పూల్

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాం. ఆఫీసయ్యాక నలుగురం దగ్గర్లోని పార్లర్‌కి వెళ్తాం. బయట బోర్డు మీద స్నూకర్ అని ఉంది, లోపలేమో నంబర్లు వేసిన బంతులు. మేం ఆడేది పూలా, స్నూకరా, బిలియర్డ్సా?

జవాబు: పూలే, తమ్ముడూ. నంబర్లు వేసిన బంతులు పూల్‌వే. స్నూకర్ అని రాస్తే కాస్త పెద్దింటి ఆటలా కనిపిస్తుందని అలా రాసుకుంటారు. నేను కంటోన్మెంట్ వైపు ఒక క్లబ్బులో మార్కర్‌గా పనిచేసినవాణ్ణి. స్కోరు బోర్డు చూసుకోవడం, పాకెట్లో పడ్డ రంగు బంతిని తీసి దాని చుక్క మీద పెట్టడం, చెయ్యి అందని షాట్‌కి కర్ర ఆనించుకునే రెస్ట్ అందించడం మార్కర్ పని. కాబట్టి నాకు ఆటగాళ్ల కంటే ముందు టేబులే కనిపిస్తుంది.

స్నూకర్ టేబుల్ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. బంతి 52.5 మిల్లీమీటర్లు. పూల్ టేబుల్ పోటీల్లో 9 అడుగులు, పార్లర్లలో 8 లేదా 7. బంతి మాత్రం స్నూకర్ కంటే పెద్దది, 57 మిల్లీమీటర్లు దాటుతుంది. పాకెట్లూ వెడల్పే.

ఇంకో తేడా చేత్తో తడిమితే తెలుస్తుంది. పూల్ బట్ట నున్నగా ఉంటుంది. స్నూకర్ బట్టకు సన్నటి నూగు ఉంటుంది, అదీ ఒకే దిక్కుకి. బంతి నెమ్మదించేటప్పుడు ఆ నూగే దాన్ని కొద్దిగా పక్కకి లాగుతుంది. అందుకే ముందు బ్రష్ కొట్టి, తర్వాత ఇస్త్రీ చేస్తాం. రెండూ ఆట మొదలుపెట్టే వైపు నుంచి నల్ల బంతి చుక్క వైపుకే, వెనక్కి రాకూడదు. ఇస్త్రీపెట్టెను ముందు కాగితం మీద పెట్టి చూస్తాం. కాగితం గోధుమరంగుకి తిరిగిందంటే వేడి ఎక్కువైనట్టే. మీ పార్లర్‌లో ఎవరైనా టేబుల్ ఇస్త్రీ చేస్తుంటే అది స్నూకర్ టేబులే అనుకోండి.

మీరడిగిన మూడోది, మనవాళ్లు బిలియర్డ్స్ అని పిలిచే ఇంగ్లిష్ బిలియర్డ్స్, ఈ పెద్ద టేబుల్ మీదే 3 బంతులతో ఆడతారు. మీ బంతి మిగతా రెండింటికీ తగిలితే 2 పాయింట్లు. ఎర్ర బంతిని పాకెట్ చేస్తే 3. మీ బంతి ఎర్రదానికి తగిలి తనే పాకెట్లో పడ్డా 3! పూల్లో ఫౌల్ అయ్యేది ఇక్కడ పాయింట్లు తెస్తుంది. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యింది ఈ ఆటలోనే. నన్నడిగితే మూడింట్లో అందమైనది ఇదే, చూసేవాళ్లే కరువయ్యారు.

ఇక పూల్ అంటే ఒక్క ఆట కాదు. 8-బాల్ సంగతి మీకు తెలిసిందే, మీ వాటా బంతులన్నీ వేశాక చివర్న 8 వెయ్యాలి. 9-బాల్లో ఎప్పుడూ టేబుల్ మీదున్న చిన్న నంబర్‌నే ముందు తాకాలి, సరైన షాట్‌లో 9 పడితే ఆట అయిపోయినట్టే. అమెరికాలో ఒకప్పుడు పెద్ద పోటీలన్నీ స్ట్రెయిట్ పూల్లో జరిగేవి. అందులో బంతికో పాయింటు, ఏ బంతి ఏ పాకెట్లోకో ముందే చెప్పి కొట్టాలి. 1954లో విల్లీ మోస్కోనీ ఒక్కటి కూడా తప్పకుండా వరసగా 526 బంతులు వేశాడు. రష్యావాళ్ల పిరమిడ్ మరీ ఘోరం. 68 మిల్లీమీటర్ల బంతి, పాకెట్ దానికంటే ఇంతే ఎక్కువ. మన పార్లర్ వీరుల్ని అక్కడ నిలబెడితే మొదటి బంతి పడేసరికి తెల్లారుతుంది.

ప్రశ్న: స్నూకర్ ఊటీలో పుట్టిందని మనవడికి చెప్పాను. వాడు ఫోన్ చూసి "కాదు తాతా, జబల్‌పూర్" అంటున్నాడు. ఎవరిది రైటు? (మల్లేశ్వరం నుంచి ఒక తాతగారు)

జవాబు: ఇద్దరిదీ, పెద్దాయనా. పుట్టింది జబల్‌పూర్‌లో, బారసాల ఊటీలో.

1875 వానాకాలం. జబల్‌పూర్‌లో సైనికాధికారుల మెస్సు. బయట వాన, లోపల పందేలు. అప్పటికి పూల్ ఆటలు కొన్ని ఉన్నాయి. లైఫ్ పూల్లో ఒక్కొక్కరికి ఒక్కో రంగు బంతి, మూడేసి ప్రాణాలు. పిరమిడ్స్‌లో 15 ఎర్ర బంతులు. బ్లాక్ పూల్లో ఒక నల్ల బంతి అదనం. నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర అధికారి (తర్వాతి బ్రిటన్ ప్రధానమంత్రి కాదు, ఆయన వేరు) వీటిని కలిపేసి ఇంకొన్ని రంగు బంతులు చేర్చాడు. పందెం మజా పెంచడానికి చేసిన పని అది. తర్వాత ఆయన మద్రాసు సైన్యాధిపతి దగ్గర చేరి, ఎండాకాలం ఊటీకి వచ్చేవాడు. 1882 ప్రాంతంలో నియమాలు కాగితమెక్కి, ఊటీ క్లబ్బు గోడ మీదికి చేరాయి. 1885లో ఇంగ్లండ్ బిలియర్డ్స్ దిగ్గజం జాన్ రాబర్ట్స్ మన దేశానికొచ్చి, నేర్చుకుని, ఆటను వాళ్ల దేశానికి మోసుకెళ్లాడు.

అంటే స్నూకర్ కూడా పూల్ ఇంటి బిడ్డే. ఈ మాట క్లబ్బుల్లో చెబితే కొందరి ముఖాలు మాడిపోతాయి.

ప్రశ్న: 8-బాల్ ఆడుతుంటే బ్రేక్‌లోనే, అంటే మొదటి షాట్‌లోనే, 8 పడింది. నా ఫ్రెండ్ గెలిచానంటాడు, నేను ఓడావంటాను. రెండు వందల పందెం ఆగిపోయింది. (బీటీఎం లేఅవుట్)

జవాబు: ఇద్దరూ డబ్బులు జేబులో పెట్టుకోండి. అంతర్జాతీయ నియమాల ప్రకారం అది గెలుపూ కాదు, ఓటమీ కాదు. బ్రేక్‌లో ఫౌల్ లేకుండా 8 పడితే, కొట్టినవాడు దాన్ని మళ్లీ చుక్క మీద పెట్టించి ఆట కొనసాగించొచ్చు, లేదంటే బంతులన్నీ మళ్లీ పేర్పించి తిరిగి బ్రేక్ కొట్టొచ్చు. చాలా పార్లర్లలో మాత్రం గెలుపు కిందే లెక్క. ఎక్కడి రూలు అక్కడ చెల్లుతుంది కాబట్టి, ఆడేది ఏ రూలో కర్ర పట్టకముందే మాట్లాడుకోవాలి. బ్రేక్ తర్వాత అయితే ఏ వాదనా లేదు. మీ బంతులింకా ఉండగా 8 పడితే, చెప్పిన పాకెట్లో కాక వేరేదాంట్లో పడితే, లేదా 8తో పాటు తెల్లదీ పడితే, ఓడినట్టే.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా వాడు బీకాం. క్లాసులు ఎగ్గొట్టి పూల్ పార్లర్లో ఉంటున్నాడు. అడిగితే "పంకజ్ అద్వానీ కూడా ఇలాగే మొదలుపెట్టాడు" అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. (యలహంక నుంచి ఒక తల్లి)

జవాబు: బిలియర్డ్స్, స్నూకర్ ఛాంపియన్ అద్వానీ మన బెంగళూరులోనే పెరిగాడమ్మా, ఆ మాట నిజం. కానీ చిన్నప్పుడే అరవింద్ సవూర్ దగ్గర శిక్షణ తీసుకున్నాడు. 2003లో తొలి ప్రపంచ టైటిల్, ఇప్పటికి పాతిక దాటాయి. బీకాం కూడా పూర్తి చేశాడు, ఈ ముక్క మీ వాడికి చదివి వినిపించండి. కోచ్ దగ్గర రోజూ గంటసేపు ఒకే షాట్ కొట్టమని చెప్పి చూడండి. ఒప్పుకుంటే ఆట మీద ఇష్టం, ఒప్పుకోకపోతే పార్లర్లో ఏసీ మీద ఇష్టం.

ప్రశ్న: కర్ర కొనకి నీలం చాక్ ఎందుకు రుద్దుతారు? స్టైలుకా?

జవాబు: సగం మంది స్టైలుకే. అసలు పని పట్టు ఇవ్వడం. 1800ల మొదట్లో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా మేంగో కర్ర కొనకి తోలు టిప్ పెట్టడాన్ని బాగా వాడుకలోకి తెచ్చాడు. దాంతో బంతికి స్పిన్ ఇవ్వడం వీలైంది. బంతిని మధ్యలో కాక పక్కన కొడితే తోలు జారిపోతుంది, చాక్ ఆ జారుడు ఆపుతుంది. పేరుకే చాక్, సుద్ద కాదు. 1897లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి అది సిలికా, అల్యూమినియం ఆక్సైడ్ కలిపిన పొడి. గిర్రున తిప్పి గుంత చేయకుండా, టిప్ మీద బ్రష్‌తో రంగు వేసినట్టు పక్కలకి రాయాలి. చాక్ ముక్కను టేబుల్ అంచు మీద బోర్లా పెట్టకండి, నీలం అంతా చొక్కా చేతులకి అంటుతుంది. అంటితే తడి గుడ్డతో రుద్దకుండా ముందు పొడిగా దులపండి.