అమ్మలూ, ఆ రెజ్యూమె పంపకముందు

అమ్మలూ,

నువ్వు పంపిన రెజ్యూమె రెండుసార్లు చదివాను. నీ మూడేళ్ల అనుభవాన్ని ఆ కన్సల్టెన్సీ వాళ్లు ఐదేళ్లు చేశారు. నువ్వు ముట్టుకోని ప్రాజెక్టు ఒకటి తెచ్చి అందులో పెట్టారు. "అందరూ ఇలాగే పెడుతున్నారు అత్తా" అని నువ్వు కింద రాశావు. నాకు కోపం రాలేదు. వరసగా రెండు ఇంటర్వ్యూలు పోతే మనసు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అయినా సరే, ఇది ఎవరికీ పంపకు.

పీఎఫ్‌లో నీకున్న యూఏఎన్ అనే గుర్తింపు నంబరు ఒక్కటే, కంపెనీ మారినా అది మారదు. ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో దాని సర్వీస్ హిస్టరీలో తారీఖులతో సహా ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది చూస్తే లేని రెండేళ్లు లేవని తేలిపోతుంది. చేరిన నాలుగు నెలలకు బయటపడిందనుకో, ఆ ఉద్యోగం పోతుంది, వదిలి వచ్చిన పాతది ఎలాగూ ఉండదు.

పట్టుబడతావన్న భయంతోనే చెప్పడం లేదు. 1999లో మీ నాన్న అప్పు తెచ్చి ఫీజు కడితే నేను అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. కోర్సు చివర క్లాసులో అందరికీ ఒకే ప్రాజెక్టు ఇచ్చారు, బ్యాంకు ఖాతాల ప్రోగ్రాం. అదంతా నేనే కట్టినట్టు రాసుకుని మొదటి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఒక పెద్దాయన అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఒకే ఖాతాలోంచి ఇద్దరు ఒకే క్షణంలో డబ్బు తీస్తే నీ ప్రోగ్రాం ఏం చేస్తుందమ్మా?" నాకు నోరు పెగల్లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కాగితాలు మడిచి పక్కన పెట్టారంతే. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. ఆ రాత్రే ఆ ప్రాజెక్టు కొట్టేసి, కాలేజీ లైబ్రరీ కోసం నేను సొంతంగా రాసిన చిన్న ప్రోగ్రాం పెట్టుకున్నాను. నాలుగో ఇంటర్వ్యూలో ముప్పావు గంట దాని గురించే అడిగారు, దేనికీ తడుముకోలేదు. ఉద్యోగం దాంతోనే వచ్చింది.

"నాది సపోర్ట్ ప్రాజెక్టు, టికెట్లు, అంటే వచ్చిన ఫిర్యాదులు, మూసే పని, చెప్పుకోవడానికి ఏముంది?" అంటావు. మొన్న ఉగాదికి వచ్చినప్పుడు వంటింట్లో నాకు చెప్పిన సంగతి మరిచిపోయావా? రాత్రి రెండింటికి సర్వర్‌లో డిస్క్ నిండి, దానంతటదే నడవాల్సిన ప్రోగ్రాం ఆగిపోతోంది, వచ్చినవాళ్లంతా రీస్టార్ట్ చేసి వెళ్లిపోతున్నారు. నువ్వు మూడో రాత్రి కూర్చుని చూశావు. ప్రోగ్రాం తన పని రాసుకునే లాగ్ ఫైళ్లు తుడిచేసినా జాగా తిరిగి రావడం లేదు, డిస్క్ మొత్తం ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ ఒక లెక్క చెబుతోంది, ఫైళ్ల సైజు కూడి చూపే డీయూ కమాండ్ ఇంకో లెక్క చెబుతోంది. తుడిచేసిన ఫైల్‌ని ప్రోగ్రాం ఇంకా తెరిచి పట్టుకునే ఉంది కాబట్టి లైనక్స్ ఆ జాగాని వదలడం లేదని నువ్వే పట్టుకున్నావు. అమ్మలూ, ఇన్నేళ్లుగా అవతలి కుర్చీలో కూర్చుంటున్నాను, ఇలాంటి సంగతి వినడం కోసమే మేం ఎదురుచూస్తాం. నీ రెజ్యూమెలో దీని గురించి ఒక్క ముక్క లేదు!

ఇంటర్వ్యూలో అది చెప్పేటప్పుడు ఏం ఆగింది, ఎవరికి ఇబ్బంది అయింది అన్నదాంతో మొదలుపెట్టు. మొదట నువ్వు దేన్ని అనుమానించావో, అది ఎందుకు తప్పని తేలిందో తప్పకుండా చెప్పు. చాలామంది దాన్ని దాచేస్తారు, మాకు కావలసింది అదే. మళ్లీ రాకుండా ఏం మార్చావో చెప్పు. నువ్వు చేసిందానికి "నేను" అను, టీం చేసిందానికి "మేం" అను. "ఎందుకు?" అని వరసగా మూడుసార్లు అడుగుతారు, మూడోదానికి జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పు, ఎలా కనుక్కుంటావో కూడా చెప్పు. ఇంగ్లీషు తడబడుతోందన్నావు కదా, ముందు తెలుగులో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకో. వరస కుదిరాక ఇంగ్లీషు దానంతటదే నిమ్మళిస్తుంది. వీడియో ఇంటర్వ్యూలో పక్క తెర మీద జవాబులు చూసి చదివే పని మాత్రం వద్దు. కళ్లు ఎటు కదులుతున్నాయో మాకు కనబడుతూనే ఉంటుంది.

కోడింగ్ రౌండ్‌లో నీ తొందరే నీకు శత్రువు. ప్రశ్న వినగానే టైప్ చేయడం మొదలుపెడుతున్నావు. ముందు ఎన్ని రికార్డులు ఉంటాయని అడుగు. పది లక్షల నంబర్లలో ఒకేలా ఉన్నవి పట్టుకోవాలనుకో. ప్రతిదాన్నీ ప్రతిదాంతో పోలిస్తే లక్ష కోట్ల పోలికలు. సెకనుకు పది కోట్ల చొప్పున చేసినా రెండు ముప్పావు గంటలు పడుతుంది. ముందు సార్ట్ చేసుకుంటే, అంటే వరసలో పెట్టుకుంటే, సుమారు రెండు కోట్ల పోలికలు, సెకను కూడా పట్టదు. ఈ లెక్క పైకి చెబుతూ చెయ్యి. కోడ్‌లో చిన్న తప్పు దొర్లినా నీ ఆలోచన వాళ్ల చేతికి అందుతుంది.

ఇక ఒక కంపెనీ ఏడాదికి ఇస్తామంటున్న ఆ 14 లక్షల ఆఫర్ సంగతి. పన్నెండుతో భాగించి లక్షా పదహారు వేలు అనుకుంటున్నావు. వాళ్ల కాగితం ప్రకారం అందులో పది శాతం వేరియబుల్, ఖాయంగా వస్తుందని చెప్పలేని భాగం, అంటే లక్షా 40 వేలు చేతికి వచ్చేదాకా నీది కాదు. బేసిక్ సగం, 7 లక్షలు. కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్ 84 వేలు, గ్రాట్యుటీ 33 వేల పైన, రెండూ సీటీసీలోనే, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు లెక్కలోనే, కలిపేశారు. గ్రాట్యుటీ చేతికి రావాలంటే పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండాలి. నీ వంతు పీఎఫ్ ఇంకో 84 వేలు, నెలకు 200 ప్రొఫెషనల్ ట్యాక్స్ తీసేస్తే మిగిలేది నెలకు సుమారు 88 వేలు, ఇన్‌కమ్ ట్యాక్స్ ఇంకా పట్టుకోకముందు. పీఎఫ్ నీ డబ్బే, ఎక్కడికీ పోదు, కానీ అద్దె కట్టడానికి పనికిరాదు. జాయినింగ్ బోనస్ ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని రాసుందేమో చూడు.

సంతకాలతో ఆఫర్ లెటర్ చేతికి రాకుండా పాత ఉద్యోగంలో రాజీనామా పేపర్లు పెట్టకు. నీ నోటీసు 90 రోజులు. ఫోన్‌లో హెచ్‌ఆర్ ఎంత తియ్యగా మాట్లాడినా అది కాగితం కాదు. 2001లో, 2008లో మాట మీద రిజైన్ చేసి, రెండు చోట్లా లేకుండా పోయినవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

జీతం కన్నా నేను ఎక్కువ ఆలోచించేది ఎవరి కింద పనిచేస్తావన్న దాని గురించి. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటే "ఏమీ లేదు సార్" అనేస్తున్నావు. అడుగు తల్లీ. కొత్తవాళ్ల కోడ్ ఎవరు చూస్తారు, రాత్రి ఫోన్లు ఎవరి వంతు, ఈ టీంలోంచి ఈ మధ్య ఎందరు వెళ్లిపోయారు, ఎందుకు. మేనేజర్ ఆఖరి ప్రశ్నకు ఇబ్బంది పడితే ఆ ఇబ్బందిని గుర్తుపెట్టుకో. ఉద్యోగంలో నా అయిదో ఏట రెండు లక్షలు తక్కువైనా మంచి లీడ్, అంటే టీంని నడిపే ఆవిడ, ఉన్న టీంలోకి వెళ్లాను. ఇవాళ్టికీ కోడ్ చదివేటప్పుడు ఆవిడ అడిగే ప్రశ్నలే నాకు వినిపిస్తాయి.

అమెరికా వెళ్లే సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను. అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్‌1బీ వీసాకి ఏడాదికి మామూలు కోటా 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000, అందరికీ వస్తుందన్న హామీ లేదు. దాని కోసం ఇప్పుడు చేతిలో ఉన్న నిర్ణయం ఆపుకోవద్దు.

శనివారం సాయంత్రం మా ఇంటికి రా. ఆ పాత రెజ్యూమెలోంచి ఆ ప్రాజెక్టు, ఆ రెండేళ్లు తీసేసి తీసుకురా. నేను నీకు ఎవరో తెలియనట్టు కూర్చుంటాను, డిస్క్ నిండిన రాత్రి గురించి మొదటినుంచి చెప్పు. మూడు "ఎందుకు"లు నేను అడుగుతాను.

మీ అత్త