1924-25లో హల్ కింగ్‌స్టన్ రోవర్స్ సీజన్ నిజంగా అంత గొప్పదా?

ప్రశ్న: రగ్బీ లీగ్‌లో హల్ కింగ్‌స్టన్ రోవర్స్ 2025లో మూడు ట్రోఫీలూ గెలిచింది. సరిగ్గా వందేళ్ల కిందట, 1925లో కూడా వాళ్లే ఛాంపియన్లట. ఆ సీజన్ కూడా ఇంత గొప్పదేనా?

ట్రోఫీల లెక్కలో చూస్తే కాదు. ఎవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు అన్న లెక్కలో చూస్తే మాత్రం ఆ జట్టును తక్కువ చేయలేం.

మేం ఉండేది ఇంగ్లండ్‌లోని హల్‌లోనే. ఈ ఊరిని హల్ నది రెండుగా చీలుస్తుంది. పడమట హల్ ఎఫ్.సి., నలుపు-తెలుపు. తూర్పున రోవర్స్, ఎరుపు-తెలుపు. అద్దె తక్కువని మేం తూర్పున ఇల్లు తీసుకున్నాం. అంతమాత్రానికే మమ్మల్ని రోవర్స్ వాళ్ల కింద జమకట్టేశారు. పక్కింటి పెద్దాయన డాక్‌లో పనిచేసి రిటైరయ్యారు, నాకు ఈ ఆట అర్థమయ్యేలా చెప్పింది ఆయనే. 1925 సంగతి ఎత్తితే ఆయన మొదట చెప్పేది గెలిచిన ఫైనల్ గురించి కాదు, ఓడిన ఫైనల్ గురించి. వాళ్ల తాతగారి దగ్గర్నుంచీ ఆ ఇంట్లో కథ అలాగే మొదలవుతుందట.

కొంచెం వెనక్కి వెళ్దాం. శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టం క్లబ్బులు కట్టివ్వాలా వద్దా అన్న గొడవతో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు 1895లో హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో సమావేశమై రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. జట్టుకు 13 మందితో ఆడే రగ్బీ లీగ్ అలా పుట్టింది. 1920ల్లో కూడా ఆటగాళ్లలో చాలామంది వారమంతా వేరే పని చేసుకుని, శనివారం వచ్చి ఆడినవాళ్లే.

రోవర్స్‌కు ఆ దశాబ్దం చేదుగా మొదలైంది. 1921 ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో (లీగ్ విజేతను తేల్చే మ్యాచ్) ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? నది అవతలి హల్ ఎఫ్.సి.యే. స్కోరు 16-14, రెండు పాయింట్ల తేడాతో ఓడారు. పక్క వీధి వాడి చేతిలో అలా ఓడితే మర్నాడు పనిలోకి ఎలా వెళ్తారో మీరే ఊహించుకోండి. 1922లో హోల్డర్‌నెస్ రోడ్డు మీద క్రేవెన్ పార్క్ అనే కొత్త గ్రౌండ్‌కు మారారు. 1923లో హడర్స్‌ఫీల్డ్ మీద 15-5తో గెలిచి తొలిసారి ఛాంపియన్లయ్యారు.

ఆ క్రేవెన్ పార్క్ ఇప్పుడు లేదు. క్లబ్ 1989లో ప్రెస్టన్ రోడ్డు దగ్గరి కొత్త గ్రౌండ్‌కు వెళ్లిపోయింది, పాత చోట సూపర్‌మార్కెట్ కట్టారు. పెద్దాయన ఒకసారి మాతో సరుకులకు వచ్చి, ట్రాలీలు వరుసగా గుచ్చి పెట్టే చోట ఆగి, ఇటు స్టాండ్, అటు గోల్‌పోస్టులు అని చేతులు చాపి చూపించడం మొదలుపెట్టారు. వెనకాల ట్రాలీ కోసం నిలబడ్డావిడ విసుక్కోలేదు సరికదా, గోల్‌పోస్టులు ఇంకాస్త అటు అని ఆయన్ని సరిదిద్దింది.

ఇక అసలు సీజన్. ఇప్పుడు ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ వేసవి ఆట, కానీ అప్పట్లో శరదృతువులో మొదలై వసంతంలో ముగిసేది. అన్ని క్లబ్బులూ ఒకదానితో ఒకటి ఆడేవి కావు, ఆడిన మ్యాచ్‌ల సంఖ్య కూడా సమానంగా ఉండేది కాదు. అందుకే పట్టికలో స్థానం పాయింట్లతో కాకుండా శాతంతో నిర్ణయించేవాళ్లు. మన క్రికెట్‌లో ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ పట్టిక చూసేవాళ్లకు ఈ తలనొప్పి కొత్తేం కాదు. ఈ తేడాల వల్లే పైనున్న నాలుగు జట్లకూ సెమీఫైనల్స్, ఫైనల్ పెట్టి ఛాంపియన్‌ను తేల్చేవాళ్లు. రోవర్స్ ఆ ఏడాది తమ ప్రాంతపు క్లబ్బుల పోటీ అయిన యార్క్‌షైర్ లీగ్ కూడా గెలిచింది.

సీజన్ చివర్లో రెండు పెద్ద ఫైనల్స్ వచ్చాయి. మొదటిది ఛాలెంజ్ కప్ ఫైనల్ (లీగ్‌తో సంబంధం లేని నాకౌట్ పోటీ), లీడ్స్‌లోని హెడింగ్లీలో (లండన్‌లోని వెంబ్లీకి మారింది 1929లో). ఓల్డమ్ చేతిలో 16-3తో ఓడారు. అప్పట్లో ట్రైకి (బంతిని ఎదుటి జట్టు గోల్ గీత అవతల నేలకు తాకించడం) 3 పాయింట్లు, గోల్‌కు (బంతిని గోల్‌పోస్టుల మధ్యగా తన్నడం) 2. అంటే 3 వచ్చాయంటే ఒకే ఒక్క ట్రై, దానికి కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్ కోసం తన్నే తన్ను) కూడా పడలేదు. అయితే ఆ ఓల్డమ్ ఆషామాషీ జట్టు కాదు. 1924 నుంచి 1927 దాకా వరసగా నాలుగేళ్లు కప్ ఫైనల్ ఆడింది.

రెండోది రాచ్‌డేల్‌లో, స్వింటన్ మీద ఛాంపియన్‌షిప్ ఫైనల్. రోవర్స్ 9, స్వింటన్ 5. ఈ స్కోరు చూసి చాలామంది చప్పటి మ్యాచ్ అనుకుంటారు. నేను ఒప్పుకోను. తేడా నాలుగే, కన్వర్షన్‌తో కలిపి ట్రైకి 5. అంటే ఒక్క ట్రై పడి, ఆ తన్ను కూడా సరిగ్గా పడితే టైటిల్ చేతులు మారిపోయేదే. అప్పట్లో ట్యాకిళ్లకు (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం) లెక్క లేదు. ఇప్పట్లా ఆరో ట్యాకిల్‌కు బంతి అప్పజెప్పక్కర్లేదు, జారవిడవనంత కాలం పట్టుకునే ఉండొచ్చు. సబ్‌స్టిట్యూట్లు కూడా లేరు. ఒకడికి దెబ్బ తగిలి బయటికెళ్తే మిగిలిన 12 మందే చివరిదాకా లాగాలి. నాలుగు పాయింట్ల ఆధిక్యంతో అలాంటి ఆటలో ఆఖరి నిమిషాల టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

పైగా ఓడిపోయిన స్వింటన్ ఆ తర్వాత ఏం చేసిందో చూడండి. 1926లో ఛాలెంజ్ కప్, 1927లో ఛాంపియన్‌షిప్, 1927-28లో ఒకే సీజన్‌లో నాలుగు కప్పులూ. నాలుగూ ఒకే ఏడాది కొట్టిన జట్లు రగ్బీ లీగ్ చరిత్రలో మూడే. రోవర్స్ మట్టికరిపించింది అలా ఎదుగుతున్న జట్టును. నా లెక్కలో ఆ 9-5 విలువ అక్కడుంది.

2025తో పోలికంటారా, అది వేరే స్థాయి. వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్‌లో వారింగ్టన్ మీద వెనకబడి ఉండి, ఆట ముగియబోతుండగా టామ్ డేవీస్ ట్రై, దానికి మైకీ లూయిస్ అంచు దగ్గర్నుంచి కొట్టిన కన్వర్షన్‌తో 8-6. తర్వాత లీగ్‌లో అగ్రస్థానం, అక్టోబరులో ఛాంపియన్‌ను తేల్చే గ్రాండ్ ఫైనల్‌లో విగన్ మీద 24-6. ఆ రాత్రి మా వీధిలో కారు హారన్లకు పిల్లలు నిద్రపోలేదు, మేమూ పడుకోబెట్టాలని పెద్దగా ప్రయత్నించలేదు. 1925లో చేజారిన కప్పు, గెలిచిన టైటిల్ రెండూ ఒకే ఏడాది ఇంటికొచ్చాయి. మధ్యలో ఎంత కరువో కూడా తెలియాలి. 1925 తర్వాత మళ్లీ ఛాంపియన్లు కావడానికి 1979 దాకా ఆగాల్సి వచ్చింది. ఛాలెంజ్ కప్ అయితే 1980 దాకా ఒక్కసారి కూడా దక్కలేదు. 1980లో దక్కింది కూడా ఎవరి మీదనుకున్నారు, హల్ ఎఫ్.సి. మీదే, 10-5తో. పెద్దాయన ఈ స్కోరును ఎక్కడో ఒకచోట కలపకుండా ఏ కబురూ ముగించరు.

మీకు ఇంకా లోతుగా చూడాలనుంటే హల్ హిస్టరీ సెంటర్‌లో పాత స్థానిక పత్రికలు మైక్రోఫిల్మ్ రీళ్ల మీద ఉంటాయి. 1925 ఏప్రిల్, మే నెలలవి అడగండి. కప్ ఫైనల్ వార్త ముందు చదివి, టైటిల్ వార్త తర్వాత చదవండి.