పాత ఇనప డ్రమ్ముతో స్మోకర్ చేసుకోవచ్చు, కానీ ముందు దాని లోపల ఏముందో చూడండి

పాత డ్రమ్ముతో ఇంట్లోనే మాంసం పొగబెట్టే స్మోకర్ చేసుకోవచ్చా, ఎంతవుతుంది అని అడిగారు. చేసుకోవచ్చు. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం, ఆరేళ్లుగా నేను చేసుకున్న డ్రమ్ములోనే వండుతున్నాను. జాలీలు, వాల్వులు, థర్మామీటరు అన్నీ కలిపి 130 డాలర్లయింది. వెయ్యి డాలర్ల స్మోకర్లలో వండినవీ తిన్నాను. రుచిలో డ్రమ్ముకి ఏదీ సాటి రాదు, ఈ విషయంలో ఎవరు వాదించినా ఒప్పుకోను.

ఖర్చు సంగతి తర్వాత. ముందు అడగాల్సింది ఆ డ్రమ్ములో ఇంతకు ముందు ఏం పోశారని.

నేను కొన్నది 55 గ్యాలన్లది, అంటే 208 లీటర్లు. టమాటా గుజ్జు వచ్చిన డ్రమ్మని చెప్పి అమ్మారు. మూత తీస్తే లోపలంతా ఇటుక రంగు పూత. రంగే కదా అని సబ్బు నీళ్లతో రుద్ది కడిగాను. మర్నాడే చికెన్ పెట్టేయాలని నా తొందర. పక్కింటి పెద్దాయన రిటైరైన వెల్డర్. వచ్చి చూసి, చేతిలోని తాళంచెవితో ఆ పూతను గట్టిగా గీకాడు. గీత కూడా పడలేదు. "ఇది రంగు కాదు, ఎపాక్సీ. సరుకు ఇనుముకి తగలకుండా వేస్తారు. వేడెక్కితే మాంసంతో పాటు దీన్నీ తింటారు" అన్నాడు. అప్పుడు మా వాడికి నాలుగేళ్లు. మొదటి ముక్క వాడికే పెట్టేవాణ్ని. ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

ఊళ్లో మంట వేయనివ్వరు కాబట్టి, కౌంటీలో నిషేధం లేని రోజు చూసుకుని స్నేహితుడి పొలానికి తీసుకెళ్లాం. కింద గాలి రంధ్రాలు ముందే వేసి, చెక్క ప్యాలెట్లు విరగ్గొట్టి నింపాం. ప్యాలెట్ మీద హెచ్‌టీ అని ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు. ఎంబీ అని ఉంటే పురుగుల మందు గ్యాస్ పట్టించినట్టు, దాన్ని పొయ్యి దగ్గరికే రానివ్వకండి. ముందు నల్లటి పొగ ముక్కు మూసుకునేంత ఘాటుగా వచ్చింది. చీకటి పడేసరికి డ్రమ్ము నడుము ఎర్రగా కాలింది. పూత అడుగంటిన పాలగిన్నె మాడులా పెచ్చులు పెచ్చులుగా ఊడింది. చల్లారాక ఉత్త ఇనుము కనపడేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది, కొత్త పెనానికి పట్టించినట్టు నూనె పట్టించి, ఒకసారి ఉత్తి బొగ్గుతో కాల్చాను.

జింకు పూసిన డ్రమ్ము అసలే వద్దు. పెట్రోలు, థిన్నర్ వచ్చిన డ్రమ్ముల్ని గ్రైండర్‌తో కోసే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లోపల మిగిలిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. మూత మొత్తం ఊడివచ్చే డ్రమ్మే తీసుకోండి, కోసే పనే ఉండదు.

మిగతా పని తేలిక. అడుగు నుంచి రెండంగుళాల పైన ముప్పావు అంగుళం రంధ్రాలు నాలుగు, ఒకదానికి గాలిని తగ్గించి పెంచే బాల్ వాల్వు, మిగతా మూడింటికి పైపు మూతలు. బొగ్గు బుట్టకీ మాంసం జాలీకీ మధ్య రెండడుగులు. కొవ్వు కరిగి నేరుగా నిప్పుల మీద పడాలి, ఆ పొగ వల్లే ఆ రుచి. వేడి 225 నుంచి 275 ఫారన్‌హీట్ లోపు ఉండాలి. ఒకసారి ఎక్కిన వేడి దిగడానికి గంట పడుతుంది కాబట్టి 200 దాటగానే గాలి తగ్గించడం మొదలుపెట్టండి. మాటిమాటికీ మూత తీయకండి. మా ఇంటికొచ్చిన చుట్టాలకి ఇది ఎన్నిసార్లు చెప్పినా వినరు. తీసిన ప్రతిసారీ గాలి తగిలి నిప్పు లేస్తుంది, మాంసం ఎండిపోతుంది.

బొగ్గు గురించి ఒక మాట. టెక్సస్‌లో మెస్కీట్ బొగ్గని సంచుల్లో మంచి ధరకి అమ్ముతారు. ఆ చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, రెండూ ఒకే జాతివి. మన దగ్గర పిచ్చి చెట్టని తిట్టుకుంటాం గానీ దాని బొగ్గు అంత గట్టిగా, అంతసేపు కాలుతుంది.

పోయిన సంక్రాంతికి ఒంగోలు వెళ్లినప్పుడు మా బావమరిదికి కూడా ఒకటి చేయించాను. వంటనూనె వచ్చిన డ్రమ్మే, అయినా ముందు కాల్చే వాడాం. బుట్ట వెల్డింగ్ షాపులో గంటలో చేసిచ్చారు. కనుమ రోజు సర్కారు తుమ్మ బొగ్గు మీద పొట్టేలు తొడ పెట్టాం, మూడు గంటల తర్వాత అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ఇంకో రెండు గంటలు ఉంచాం. మా అత్తయ్య ఎముక పట్టుకుని లాగితే, మాంసం పళ్లెంలోనే ఉండి ఎముక ఒక్కటే చేతికొచ్చింది.