ఆయన షెడ్డు, ఆమె సాయంత్రాలు

ప్రశ్న: మావారికి 66 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి, రెండేళ్ల క్రితం షాపు వేరేవాళ్లకు అప్పగించారు. ఇక తీరిగ్గా ఉంటారనుకుంటే, పెరట్లో రేకుల షెడ్డు వేసి, తుక్కు కొట్టు నుంచి ఒక పాత యెజ్డీ మోటారు సైకిలును, ఆ తర్వాత ఒక రాజ్‌దూత్‌ను తెచ్చి, పొద్దుట టిఫిన్ అయింది మొదలు రాత్రి దాకా వాటితోనే గడుపుతున్నారు. చీటీ పాడిన డబ్బులో చాలా భాగం వాటికే పోయింది. పిలిస్తే పలకరు. నాన్న ఊరికి వెళ్లినప్పుడు ఆ సామానంతా తుక్కు కింద అమ్మేద్దామని హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోకండి. మీ అబ్బాయి మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. కానీ మనిషి ఊళ్లో లేని సమయం చూసి ఆయన సామాను అమ్మితే, తిరిగి వచ్చి ఖాళీ షెడ్డు చూసిన తర్వాత ఆయన మిమ్మల్ని నమ్మడం కష్టమవుతుంది. అబ్బాయి హైదరాబాద్ వెళ్లిపోతాడు. ఆ అపనమ్మకంతో ఒకే ఇంట్లో కాపురం చేయవలసింది మీరు.

మిల్లీమీటరులో వందో వంతు తేడాను కూడా మైక్రోమీటరుతో పట్టుకుని సరిచేసిన చేతులు షాపు అప్పగించిన మర్నాటి నుంచి ఊరికే ఉండలేవు. యెజ్డీ తయారైన మైసూరు కర్మాగారం 1996లోనే ఉత్పత్తి ఆపేసింది కనుక, దొరకని బుష్‌నో పిన్నునో స్వయంగా లేత్ మీద తీయగలిగిన మీవారి వంటి పనివారికే ఆ బండిని లేపడం సాధ్యం. (కిక్ రాడ్డునే గేరు రాడ్డుగా కూడా వాడే ఆ బండి మీద మోజు ఒక్క మీవారిదే కాదు లెండి.) అందువల్ల షెడ్డు మూయించాలనే ఆలోచన మానుకుని, దానికి హద్దులు పెట్టడం గురించి ఆలోచించండి.

అన్నిటికంటే ముందు ఆయనను చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లి వినికిడి పరీక్ష చేయించండి. ఏళ్ల తరబడి యంత్రాల హోరులో పనిచేసినవారికి మొదట దెబ్బతినేది 4000 హెర్ట్జ్ ప్రాంతంలోని సన్నని ధ్వనులను వినే శక్తి. ఇంజిన్ మోత చక్కగా వినిపిస్తుంది, వంటింట్లోంచి పిలిచే ఆడగొంతులోని మాటలు మాత్రం తేటగా అందవు. మీరు నిర్లక్ష్యమనుకుంటున్న దానిలో కొంత భాగం ఇదే కావచ్చు, పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

డబ్బు విషయంలో మీ ఆందోళన న్యాయమైనదే. మీవారిది పింఛను వచ్చే ఉద్యోగం కాదు కాబట్టి, వైద్యానికీ అత్యవసరానికీ కావలసిన మొత్తాన్ని మొదట ఇద్దరి పేరుతో డిపాజిట్ చేసి, ఆ తర్వాత మిగిలిన దానిలోనే షెడ్డుకు నెలకు ఇంత అని మాట్లాడుకోండి. యెజ్డీ పూర్తయ్యే వరకు రాజ్‌దూత్ మీద రూపాయి పెట్టకూడదని, మూడో బండి గడప తొక్కకూడదని కూడా అప్పుడే ఒప్పందం చేసుకోండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకూడదని, పెట్రోలు డబ్బాను వంటింటి గోడ పక్కన ఉంచకూడదని చెప్పడానికి మీరు మొహమాటపడనక్కరలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ‘ఇక తీరిగ్గా ఉంటారనుకుంటే’ అన్న మాట. షాపు కట్టేసి ఆయన ఇంటికి వచ్చే రోజు కోసం మీరు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆయన వచ్చారు, పెరట్లోనే ఆగిపోయారు. పైగా ఆయనకు విశ్రాంతి దొరికింది గానీ, మీ వంట, మీ గిన్నెలు, షెడ్డు దాకా మోసే టీ గ్లాసు యథాప్రకారం నడుస్తున్నాయి. ఈ సంగతి మీరు ఆయనతో ఎన్నడైనా ఇలా చెప్పారా? బండిని తిట్టినప్పుడల్లా ఆయన బండిని వెనకేసుకొస్తారు తప్ప, మీకు ఆయన తోడు కావాలని ఆయనకు తట్టదు. ‘సాయంత్రం అయిదు తర్వాత షెడ్డుకు తాళం పెట్టి నాతో ఉండండి’ అని అడగండి. టీ పంపడం మానేసి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చి తాగమనండి. మొదటి వారం మరిచిపోతారు, గుర్తుచేయండి.

అబ్బాయికి అప్పగించవలసిన పని ఒకటుంది. తుక్కు కొట్టులో కొన్న బండ్లకు ఆర్.సి. (రిజిస్ట్రేషన్ పత్రం) ఉందో లేదో, ఉంటే ఇంజిన్, ఛాసిస్ నంబర్లు దానితో సరిపోతున్నాయో లేదో అతనిని చూడమనండి. సొంత వాహనం రిజిస్ట్రేషన్‌ను పదిహేనేళ్ల తర్వాత పునరుద్ధరించుకోవాలి, ఆపై అయిదేళ్లకోసారి ఆ పని తప్పదు. పాత బండికి మంచి ధర వస్తుందని మీవారు ఆశపడుతున్నట్లయితే, 2021 నాటి నిబంధనల ప్రకారం వింటేజ్ (పాతకాలపు అపురూప వాహనం) అనే గుర్తింపు యాభై ఏళ్లు దాటిన బండ్లకే వర్తిస్తుందని, అలాంటి బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పడానికి వీలులేదని కూడా అబ్బాయే ఆయనకు చెప్పాలి. కాగితాలు లేవని తేలితే, ఆ బండిని ఉంచాలా అమ్మాలా అన్నది ముగ్గురూ కలిసి, మీవారి ఎదుటే తేల్చుకోండి.